పెదవుల పఠనం

పెదవుల పఠనం అనగా మాట చెవికి అందనప్పుడు, లేదా సరిగా అందనప్పుడు, మాట్లాడేవారి పెదవులు, దవడ, నాలుక కదలికలను, ముఖకవళికలను చూసి భావాన్ని గ్రహించడం. దీనినే లిప్ రీడింగ్ అని కూడా అంటారు. వినికిడి బాగున్నవారు సైతం తమకు తెలియకుండానే దీనిని వాడుతుంటారు. 1976లో మెక్‌గుర్క్, మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రవేత్తలు 'బ' శబ్దాన్ని వినిపిస్తూ 'గ' పలికే ముఖాన్ని చూపగా, చాలామందికి అది 'డ' అని వినిపించింది.

పెదవులపై కనిపించేది ఎంత?

చెవిటివారందరూ పెదవులను చూసి మాటలన్నీ తెలుసుకోగలరన్నది బాగా వ్యాపించిన అపోహ. నిజానికి పెదవులపై స్పష్టంగా తెలిసే ధ్వనులు కొన్నే. తెలుగులో ప, బ, మ మూడూ పెదవులు కలిపి పలికేవే. 'బ' పలికేటప్పుడు స్వరతంత్రులు కంపిస్తాయి, 'మ' పలికేటప్పుడు గాలి ముక్కు గుండా వెలువడుతుంది. ఈ భేదాలు లోపల జరిగేవి గనుక బయటికి కనపడవు. అందువలన పాట, బాట, మాట అనే మూడు పదాలూ చూసేవారికి ఒక్కటే. క, గ లు నోటి వెనుక భాగంలో పుడతాయి. కంప, గంప అని అద్దం ముందు పలికి చూసుకొంటే పాఠకులకే ఈ సంగతి బోధపడుతుంది.

మిగిలినదంతా సందర్భాన్ని బట్టి ఊహించవలసినదే. అంగడిలో ధర అడిగేటప్పుడు ఊహించడం సులభం. తరగతిలో మునుపెన్నడూ ఎరుగని పారిభాషిక పదం వస్తే ఊహకు ఆధారమే ఉండదు. పైగా ఊహించాలంటే ఆ భాష ముందే వచ్చి ఉండాలి. భాష నేర్చిన తరువాత వినికిడి పోయినవారికి ఆ వెసులుబాటు ఉంది, పుట్టు చెవుడు గల పిల్లలకు లేదు. అటువంటి పిల్లవాడు పాఠం అందుకోలేకపోతే మందబుద్ధి అనుకోవడం అన్యాయం. తల ఊపాడు గనుక అర్థమైందనుకోవడమూ పొరపాటే.

ఇతర అపోహలు

గట్టిగా అరిస్తే తెలుస్తుందనుకొంటారు. అరిచినా, అక్షరాలను సాగదీసినా నోటి ఆకారం మారిపోయి ఉన్నది కూడా తెలియకుండా పోతుంది. మాట్లాడేవారి ముఖం వెలుతురులో ఉండడం ముఖ్యం. నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెప్పడం మా ఉపాధ్యాయులలో చాలామందికి ఉన్న అలవాటు. ఆ కాసేపూ బధిర విద్యార్థికి పాఠం ఆగిపోయినట్లే. 2020లో కోవిడ్ వలన అందరూ మాస్కులు ధరించినప్పుడు ఈ ఇబ్బంది ఆసుపత్రులకూ, దుకాణాలకూ వ్యాపించింది. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది గాని, అన్ని వేళలా మాటను స్పష్టం చేయలేదు. అందుచేత యంత్రం ధరించినవారు కూడా ముఖం వైపు చూస్తూనే ఉంటారు.

బధిర విద్యలో

1880లో ఇటలీలోని మిలన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభ, బధిరులకు సంజ్ఞలకంటే నోటి మాట ద్వారా బోధించడమే మేలని తీర్మానించింది. దాని ప్రభావంతో అనేక దేశాల బడులలో సంజ్ఞా భాషను నిషేధించారు. పిల్లల కాలం పాఠ్యాంశాలకంటే పెదవులను గమనించడానికీ, ఉచ్చారణ సాధనకూ ఎక్కువగా ఖర్చయింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమైన అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది.