ఘటోత్కచుడి విందూ, అమృతరావు హోటలూ

సావనీరుకి ఏదో ఒకటి రాసివ్వమని మన యూనియన్ కార్యదర్శి కనిపించినప్పుడల్లా అడుగుతూ వచ్చారు. యువత కర్తవ్యం మీదా, దేశ ప్రగతి మీదా రాయగల మిత్రులు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే: ఒక సినిమా, ఒక టీవీ సీరియల్. సినిమా 'మాయాబజార్'. సీరియల్ 'అమృతం'. ఇవి రెండూ ఎందుకు నవ్విస్తాయో నాకు తోచినంతలో చెబుతాను. నవ్వు వచ్చేచోట కారణం వెతకడమేమిటని మీరు విసుక్కున్నా సరే.

ముందు మా ఊరి సంగతి. మాది రెడ్డిగూడెం, కృష్ణా జిల్లా మెట్ట. మామిడి తోటల ఊరు. పక్కనున్న నూజివీడులో 1918లో పుట్టారు ఎస్.వి.రంగారావు. అందుకని ఘటోత్కచుడు మావాడే అని మా తాతయ్య వాదన. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, మా మండలం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఆ వార్త పేపర్లో చదివి తాతయ్య, "ఘటోత్కచుణ్ణి పట్టుకుపోయి కృష్ణుడి పేరు మనకిచ్చార్రా, బేరం గిట్టుబాటే" అన్నాడు.

'మాయాబజార్' విడుదలైంది 1957 మార్చి 27న. తాతయ్యకి అప్పుడు పదేళ్లు. బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్లి టెంటు హాల్లో నేల మీద కూర్చుని చూశారట. తిరిగొచ్చేటప్పుడు బండిలో పిల్లలందరూ లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడుతున్నట్టు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారని ఇప్పటికీ చెబుతాడు. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు గాని, మొదటిసారి మాత్రం తాతయ్య ఒళ్లో కూర్చునే చూశాను.

ఇది భారత కథ. అయినా ఇందులో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు! మొదటి రెండు మూడుసార్లు నేనూ గమనించలేదు. గమనించకపోవడమే దర్శకుడు కె.వి.రెడ్డి గొప్పతనం. అసలు శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. జనం చెప్పుకున్న కథ, నాటకాల వాళ్లు ఆడిన కథ. 1936లోనే ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. అందుచేత విజయా వారి సినిమా చూడబోయిన వాళ్లలో చాలామందికి కథ ముందే తెలుసు. శశిరేఖ చివరికి అభిమన్యుడికే దక్కుతుందని తెలిసినవాణ్ణి మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టడం ఎలా? ఇక్కడే ఉంది కిటుకు. ఏం జరుగుతుందన్న ప్రశ్నని కె.వి.రెడ్డి వదిలేశాడు. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి తెలియదు అన్నదాన్ని పట్టుకున్నాడు. కృష్ణుడికి అన్నీ తెలుసు. మనకి దాదాపు కృష్ణుడికి తెలిసినంతా తెలుసు. బలరాముడికీ రేవతికీ ఏమీ తెలియదు. శకునికి తనకి అన్నీ తెలుసునన్న నమ్మకం. అంటే టిక్కెట్టు కొన్న ప్రతివాణ్ణీ కృష్ణుడి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారన్నమాట. నేల టిక్కెట్టువాడికి ఆ కుర్చీ దొరకడం చిన్న విషయమా?

దీనికి పరాకాష్ఠ మాయా శశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో తిరుగుతాడు. తెర మీద ఉన్నది సావిత్రి. కాని మనం చూసేది రంగారావుని! ఆ నడక, మీసం లేని చోట మీసం తిప్పబోయే ఆ చెయ్యి, అంతలో గుర్తొచ్చి వయ్యారం తెచ్చుకోవడం. మగవేషం వేసిన నటీమణులు చాలామంది ఉన్నారు. ఆడదాని వేషంలో ఉన్న రాక్షసుడుగా నటించడం వేరు. అప్పటికి సావిత్రికి పాతికేళ్లు కూడా నిండలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఇక పింగళి నాగేంద్రరావు మాటలు. పండితులు పుట్టిస్తేనే మాటలా, మనం పుట్టిస్తే కావా అని ఆయన ఘటోత్కచుడి చేత చెప్పించిన ధోరణి నాకు ప్రాణం. గిల్పం, గింబళి ఏ నిఘంటువులోంచి వచ్చాయి? 'అసమదీయులు', 'తసమదీయులు' అయితే మా ఇంట్లో నిత్యవ్యవహారం. మార్కస్ బార్ట్‌లీ స్టూడియో దీపాలతో పుట్టించిన వెన్నెల గురించి ఇదివరకే చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. 2010 జనవరిలో రంగులద్దిన ప్రతి వచ్చినప్పుడు తాతయ్య నన్ను బెజవాడ తీసుకెళ్లాడు. నాకు బాగానే ఉంది. ఆయన మాత్రం బస్సులో, "వెన్నెలకి రంగెందుకురా" అని నైజీవంగా గొణిగాడు.

'అమృతం' నాన్నది. జెమిని టీవీలో 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18 దాకా ఆదివారం రాత్రుళ్లు వచ్చింది. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు, వాళ్లకో హోటలు, సర్వం అని ఒక పనివాడు, ఇంటి ఓనరు అప్పాజీ, పాపం సంజీవని, శాంత అని ఇద్దరు ఇల్లాళ్లు. అమృతరావు వేషం శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు వేశారు. అంజి మాత్రం మొదటినుంచీ గుండు హనుమంతరావే. ముగ్గురు అమృతరావులు మారినా సీరియల్ నిలబడిందంటే ఆ పక్కనున్న మనిషి నిలబడబట్టే అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు క్యాంటీనుకి వస్తే వాదించుకుందాం.

ఇక్కడ మాయలు లేవు, దివ్యాస్త్రాలు లేవు. అయినా సూత్రం దగ్గర దగ్గరగా అదే. అమృతరావుకి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వస్తుంది. అది తలకిందులవుతుందని మనకి తెలుసు, అంజికి తెలుసు, ఆఖరికి సర్వానికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క అమృతరావుకే. ఒక తేడా ఉంది. 'మాయాబజార్'లో మోసపోయేవాళ్లు దుర్యోధనుడి వారు, తగిన శాస్తి జరిగిందని నవ్వుతాం. 'అమృతం'లో మోసపోయేవాడు మంచివాడు. తన ఆలోచన చేతే తాను మోసపోతాడు. అందులో మనమూ ఉన్నాం.

ఈ ముక్క నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 2013 ఉగాదికి మా నాన్న రెడ్డిగూడెం సెంటర్లో టిఫిన్ హోటలు పెట్టాడు. "అమృతం అన్నేళ్లు చూసి కూడా హోటలు పెడతారుటండీ" అని అమ్మ అడిగితే, "వాళ్లు చేసిన తప్పులన్నీ చూశాను కాబట్టే పెడుతున్నానే" అన్నాడు. మామిడికాయ సీజనులో లారీల వాళ్లూ, కూలీలూ, షావుకార్లూ వచ్చేవాళ్లు. ఉప్మా పెసరట్టు అందించలేక చచ్చేవాళ్లం. జూన్ దాటితే ఈగలు. డబ్బిచ్చి తినేవాళ్లకి తాతయ్య అసమదీయులని పేరు పెట్టాడు, ఖాతా రాయించేవాళ్లకి తసమదీయులని. రెండో సంవత్సరానికి తసమదీయులే మిగిలారు. 2015లో గ్రైండరు, బల్లలు అమ్మేశాం. అప్పు మిగిలింది.

ఆ తరువాత ఒక రాత్రి, బుద్ధి లేక, నేను 'అమృతం' పెట్టాను. నాన్న లేచి టీవీ కట్టేసి బయటికి వెళ్లిపోయాడు. నేను అదే సీరియల్‌కి అదివరకు ఎంత నవ్వానో తలుచుకుంటే సిగ్గేసింది. అప్పుడు అర్థమైంది, ఆ సీరియల్ ఎంత దయగా అబద్ధం చెబుతుందో. ఎంత నష్టం వచ్చినా వచ్చే ఆదివారానికి హోటలు మళ్లీ తెరిచే ఉంటుంది. వడ్డీ పెరగదు. అమ్మిన గ్రైండరు తిరిగొస్తుంది. మాకు ఆ వచ్చే ఆదివారం రాలేదు, అంతే.

2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు పోయారు. మా బెజవాడ మనిషి. ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న తనంతట తనే ఫోనులో వెతికి ఒక పాత భాగం పెట్టాడు. మూడేళ్ల తరువాత. తాతయ్య మంచం మీదనుంచి, "ఎవరిదిరా ఆ గొంతు" అన్నాడు. "అంజిది నాన్నా, పోయాడు" అన్నాడు మా నాన్న. ఎవరం మాట్లాడలేదు. అంజి ఏదో అన్నాడు, సర్వం ఎదురు చెప్పాడు. మొదట అమ్మ నవ్వింది, వంటింట్లోంచి. నాన్న నవ్వలేదు. చాలాసేపు హోటలు సెట్టు వంకే తేరిపార చూసి, "బల్లలు మరీ దగ్గరగా వేశారు. అలా వేస్తే ఫ్యామిలీలు రావు. మనమూ అదే చేశాం" అన్నాడు.

తరువాతి భాగం కూడా పెట్టమన్నాడు.