పట్నానికి పెరడు మా సూళ్లూరుపేట



చెన్నైలో లోకల్ రైలెక్కి ఉత్తరంగా వస్తే గుమ్మిడిపూండి, ఆరంబాకం, తడ దాటాక సూళ్లూరుపేట వస్తుంది. దూరం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. "అక్కడ రాకెట్లు తప్ప ఏముందండీ?" అని అడుగుతుంటారు. అందుకే ఈవేళ ఈ ఊరి సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇంటికి పెరడు ఎలాగో, ఆ మహాపట్నానికి ఈ ప్రాంతం అలాగ. గ్యాసు బండలు రాకముందు మద్రాసు వంటిళ్ళలో పొయ్యి వెలగాలంటే కట్టెలు కావాలి గదా! ఆ కట్టెలు శ్రీహరికోట అడవి నుంచి కూడా పడవల మీద బకింగ్‌హామ్ కాలువలో వెళ్ళేవి. 1876-78 నాటి మహాకరువులో, తిండికి అల్లాడే జనానికి కూలి ఇచ్చి మద్రాసులో తవ్వించిన భాగంతో ఆ కాలువ ఏకమైంది. అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. పట్నం పొయ్యి కింద మంట వెనుక ఎవరి చెమట ఉందో చూశారా!

తర్వాత 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. తరతరాలుగా అక్కడున్న యానాదులు, ఇతర కుటుంబాలవారు చాలామంది ఇల్లూవాకిలీ వదిలి వేరేచోటికి వెళ్ళవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. 1980 జులై 18న మన రాకెట్టు మన ఉపగ్రహాన్ని ఆకాశంలో నిలిపింది. 2023లో చంద్రయాన్-3 వెళ్ళింది కూడా ఇక్కడి నుంచే. ప్రయోగం చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకుని, అనుమతితో గ్యాలరీకి వెళ్ళాలి. ఊరికే వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు సుమా!

ఊళ్ళో దిగగానే చూడవలసింది కాళంగి నది ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి. అమ్మ గుడికి తలుపులు వేయకూడదన్నది ఇక్కడి ఆచారం. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. రాకెట్ ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు వచ్చి దణ్ణం పెట్టుకోవడం కూడా అందరికీ తెలిసిందే.

తూర్పుగా శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే అటూ ఇటూ పులికాట్ సరస్సే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, చలికాలంలో వెళ్ళండి. ఎండాకాలంలో ఈ ఉత్తర భాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. లోతు తక్కువ కాబట్టే రాజహంసలు నీళ్ళలో నిలబడి, ముక్కు తలకిందులుగా పెట్టి నాచునూ చిన్న చిన్న నీటిపురుగులనూ జల్లెడ పట్టినట్టు వడగట్టుకు తింటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి పెట్టిన భిక్షే. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువని ఊరివాళ్ళు వాటిని కాపాడుకుంటారు. పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపిల్లల్లాగే చూసుకుంటారన్నమాట.

ఇక అసలు మాట. ఈ సరస్సు సముద్రపు ఉప్పునీరూ, కాళంగి, స్వర్ణముఖి వంటి ఏళ్ళ మంచినీరూ కలిసిన చోటు. పులుసులో ఉప్పు చాలకపోయినా, ఎక్కువైనా ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర సముద్రంతో కలిసే ముఖద్వారాల్లో ఇసుక మేట వేస్తే నీరు రాదు, నీటితోబాటు వచ్చే రొయ్యపిల్లలూ చేపపిల్లలూ రావు. జాలరి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. పూడిక తీయండని వాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

ముఖద్వారం తెరిపించడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మాత్రం చేద్దాం. పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లోనే పట్టుకెళ్ళండి. తిన్న విస్తరాకు, ప్లాస్టిక్ సంచి తిరిగి ఇంటికే తెచ్చుకోండి. ఎగిరితే ఫోటో బాగుంటుందని పిల్లలు రాళ్ళు విసరబోతే చెయ్యి పట్టుకు ఆపండి. ఒకసారి బెదిరి లేచిన పక్షి, తినవలసిన తిండి మాని ఉన్న సత్తువ ఖర్చు చేసుకుంటుంది. రోడ్డు మీదనే నిలబడి ఓపిగ్గా చూస్తే అది మన పక్కకే మేసుకుంటూ వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు చేపలో, కూరగాయలో ఊరి ఆడవాళ్ళ దగ్గర గీసి గీసి బేరమాడకుండా కొనండి. పట్నం ఈ ఊరి దగ్గర ఎన్నో తీసుకుంది, మనం వెళ్ళినప్పుడైనా నాలుగు డబ్బులు ఇచ్చి వద్దాం.

ఉంటానండీ, సెలవు.