మీ గిటార్‌కి వేలిముద్ర ఉంది, తెలుసా?

ఫోన్ పోతే ఏం చేయాలో మనలో చాలామందికి తెలుసు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబర్ బ్లాక్ చేయిస్తాం. మరి గిటార్ పోతే? కీబోర్డ్ పోతే? బ్లాక్ బటన్ ఏమీ ఉండదు. దొంగ చేతిలో కూడా అది అంతే బాగా మోగుతుంది. పెళ్లిళ్లకీ, వినాయక చవితి పందిళ్లకీ వాయించే వాళ్లకైతే ఇది ఇంకా పెద్ద దెబ్బ. ఈఎంఐ మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఆ సీజన్ సంపాదన పోతుంది.

అయినా పోయిన వాయిద్యాలు దొరికిన కేసులున్నాయి. ఎలా దొరికాయో చూస్తే మనం ఏం చేయాలో అర్థమవుతుంది.

కెనడా రాక్ గిటారిస్ట్ రాండీ బాక్‌మన్. టీనేజ్‌లో డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న ఆరెంజ్ కలర్ 1957 మోడల్ గ్రెచ్ గిటార్‌ని 1976లో టొరంటోలో ఒక హోటల్ నుంచి ఎవరో ఎత్తుకెళ్లారు. ఆయన ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు. కోవిడ్ టైమ్‌లో ఈ కథ విన్న ఒక ఫ్యాన్ ఇంట్లో కూర్చునే పని మొదలుపెట్టాడు. పాత ఇమేజ్‌లో ఆ గిటార్ చెక్క మీద గీతలు, ఒక చిన్న ముడి మచ్చ కనిపించాయి. ముఖాలు గుర్తుపట్టే టైప్ సాఫ్ట్‌వేర్‌తో, ఆన్‌లైన్‌లో ఉన్న అదే మోడల్ గిటార్ల ఫొటోలన్నీ పోల్చుకుంటూ వెళ్లాడు. ఒకటి మ్యాచ్ అయింది. టోక్యోలో! అప్పటికి దాన్ని టకేషి అనే జపాన్ మ్యుజీషియన్ షాపులో కొనుక్కుని వాయిస్తున్నాడు. ఆయన ఒప్పుకుని, అలాంటిదే ఇంకో గ్రెచ్ తీసుకుని, 2022 జూలై 1న టోక్యోలో దీన్ని తిరిగిచ్చేశాడు. 46 ఏళ్ల తర్వాత!

కోడ్ రాసినవాడిగా నాకు ఇందులో నచ్చిన పాయింట్ ఇదే. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా, పోల్చడానికి పాత ఇమేజ్ లేకపోతే ఏమీ చేయలేదు. చెక్కలో గీతలు ఏ రెండు ముక్కల్లోనూ ఒకేలా ఉండవు. అంటే అది వాయిద్యానికి వేలిముద్ర. దాన్ని మనం ముందే సేవ్ చేసుకోవాలి.

మన వాయిద్యాలకి ఇది ఇంకా ముఖ్యం. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి చెక్కుతారు. మృదంగం కూడా ఎక్కువగా పనస చెక్కే. ఫ్యాక్టరీ సరుకు కాదు కాబట్టి సాధారణంగా సీరియల్ నంబర్ ఉండదు, ఆ గీతలే దాని నంబర్. మృదంగానికి చర్మం మారుస్తుంటారు కదా, అందుకే పైన మూత కాదు, చెక్కని ఫొటో తీయండి.

ఏమేం తీయాలి? ముందు, వెనక ఫుల్ ఫొటోలు. సీరియల్ నంబర్: అకూస్టిక్ గిటార్‌కి చాలావాటిలో సౌండ్ హోల్ లోపల లేబుల్ మీద, ఎలక్ట్రిక్‌కి ఎక్కువగా హెడ్‌స్టాక్ వెనక, కీబోర్డ్‌కి కింద గానీ వెనక గానీ స్టిక్కర్ మీద. తర్వాత గీతలు, సొట్టలు, రిపేర్ చేసిన చోట్లు దగ్గర నుంచి. బిల్ ఫొటో. అన్నీ క్లౌడ్‌లో పెట్టండి, ఎందుకంటే ఫోన్ కూడా అదే బ్యాగ్‌లో పోవచ్చు!

నిజంగా పోతే? వెంటనే కంప్లైంట్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్ పరిధిలో పోయినా, ఎక్కడైనా కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీ. అందులో సీరియల్ నంబర్, గుర్తులు రాయించండి. "ఒక గిటార్" అని ఉంటే, రేపు దొరికినా అది మీదేనని చెప్పడం కష్టం. రైల్లో పోతే 139కి కాల్ చేయండి. సెకండ్ హ్యాండ్ యాప్‌లో మీ వాయిద్యం కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకి చెప్పండి. హీరోలా ఒక్కరే వెళ్లొద్దు.

కొనేవాళ్లకి ఒక మాట. బిల్ లేకుండా, నంబర్ చెరిపేసి, సగం రేటుకి ఇస్తున్నారంటే ఆగండి. దొంగ సొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎవరిదో బతుకుతెరువు కూడా అందులో ఉంటుంది.

సో, వీడియో అయిపోగానే ఐదు నిమిషాలు. మీ వాయిద్యం తీయండి, ఫొటోలు కొట్టండి. బ్యాండ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఇది షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!