అదనపు దీపాలు – అదనపు జాగ్రత్తలు

రాయపూర్‌లో ఉద్యోగరీత్యా స్థిరపడిన మావంటి తెలుగువారికి సంక్రాంతి అనగానే జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం చేరే దారి మనసులో మెదలుతుంది. ఒకప్పుడు ఇది 43వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు జగదల్‌పూర్ వరకు 30వ నంబరు రహదారిలో భాగం. కాంకేర్ దాటిన పిదప కేశ్‌కాల్ ఘాట్ మలుపులు మొదలవుతాయి. పుష్యమాసపు పొగమంచులో ఆ ఎక్కుడుకు హెడ్‌లైట్లు చాలవనిపించి, ఒక సంవత్సరం మేము మా కారుకు రెండు అదనపు దీపాలు బిగింపించుకున్నాము.

మూడవ నాడే ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే గతుకుల రోడ్డు మీద అదీ పోయింది. దుకాణంలో 15 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది వేసి, ఇక బెంగ లేదన్నారు. నిజమే, ఫ్యూజు మరి పోలేదు. కాని ఘాట్ ఎక్కుతుండగా కారులో కాలిన వాసన వచ్చింది. నిద్రపోతున్న పిల్లలను దింపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ విప్పేసరికి పొగ ఆగింది. తెల్లవారేవరకు ఆ చలిలో రోడ్డు పక్కనే గడిపాము. కర్మాగారంలో రక్షణ పరికరాన్ని పని చేయకుండా చేయడం ఎంత తప్పో ఎరిగిన మేమే, సొంత కారు విషయంలో అదే పని చేయించుకున్నాము.

తిరిగి వచ్చాక మా విద్యుత్ విభాగపు మిత్రుడొకరు లోపాన్ని వెదకిన క్రమం సహోద్యోగులకు ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట లెక్క చూడాలి. 55 వాట్ల బల్బులు రెండు కలిసి 110 వాట్లు. 12 వోల్టుల వద్ద తీసుకునే కరెంటు సుమారు 9 ఆంపియర్లు. కనుక 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఫ్యూజు కాపాడేది తీగను. మా కారులో తీగ ఇనుప రేకు రంధ్రం గుండా రబ్బరు తొడుగు లేకుండా వెళ్లి, రాపిడికి పైపొర అరిగిపోయింది. అక్కడ పారిన కరెంటు తీగను కాల్చేంత ఎక్కువ, 30 ఆంపియర్ల ఫ్యూజును కరిగించలేనంత తక్కువ. ఫ్యూజు పోతూ ఉంటే ముందు దీపాల కనెక్షన్లు తీసి చూడాలి. అప్పటికీ పోతే లోపం తీగలో ఉన్నట్లు. పోకపోతే దీపాల వైపు వెదకాలి.

దీపాలు మందంగా వెలిగితే ఎర్తును అనుమానించాలి. దీపం వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండవ కొనను దీపపు ఎర్తు తీగకు ఆనించాలి. అర వోల్టు మించి చూపితే ఎర్తు సరిగా లేదు. అక్కడి పెయింటు, తుప్పు గీకి బోల్టు గట్టిగా బిగించాలి. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది.

దీపాలు అసలు వెలగకపోతే, స్విచ్ వేసి రిలే వద్ద చెవి పెట్టాలి. 'టిక్' మంటే 30, 87 నంబర్ల కొనల వద్ద వోల్టేజి చూడాలి. శబ్దం లేకపోతే లోపం స్విచ్ వైపు, అంటే 85, 86 కొనల వద్ద ఉండవచ్చు.

ఉదయానికి బ్యాటరీ దిగిపోతుంటే, ఇంజను ఆపి, తాళం వేసి, కొంతసేపు ఆగి నిలకడ కరెంటు కొలవాలి. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. మించితే కొత్త రిలే తీసి చూడాలి. అప్పుడు తగ్గితే లోపం కొత్త తీగలలోనే ఉంది. కంప్యూటరు నియంత్రణ ఉన్న నేటి వాహనాలలో హెడ్‌లైటు తీగను కోసి కలపడం మంచిది కాదు. అటువంటి పని అనుభవజ్ఞులకే అప్పగించాలి.

మరొక మాట. వాహనంలో మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిమితులు విధించింది. ఎదురుగా వచ్చేవారి కళ్లు చెదిరేలా దీపాలు వాడరాదు.

మరుసటి సంక్రాంతికి అదే దారిన, అవే దీపాలతో ఊరు వెళ్లాము. తీగ కొత్తది, రంధ్రానికి రబ్బరు తొడుగు ఉంది, ఫ్యూజు మాత్రం 15 ఆంపియర్లదే. ఈసారి పిల్లలు సాలూరు దాకా నిద్ర లేవలేదు.