మెమరీ కార్డుల అంగట్లో గ్రూప్ డిస్కషన్ పాఠం

ఇళయరాజా మలికాలపు ఆల్బమ్‌లలో ఏది బెస్ట్? ఫ్యాన్స్ మధ్య ఎప్పటికీ తెగని ఈ గొడవలో, ఉద్యోగాల వేటలో ఉన్న మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

నా మొదటి గ్రూప్ డిస్కషన్ పన్నెండు నిమిషాలు సాగింది. అందులో కనీసం నాలుగు నిమిషాలు నేనే మాట్లాడాను. బయటికొచ్చి, సెలెక్టయిపోయినట్టే అనుకున్నాను.

అది 2018. ఇంజినీరింగ్ ఫైనలియర్. టాపిక్ 'ఓల్డ్ ఈజ్ గోల్డ్ అనే మాట ఇప్పటికీ నిజమేనా?' నాకు పండగే అనిపించింది. పుట్టినప్పటి నుంచి ఇళయరాజా పాటలు వింటూ పెరిగినవాణ్ణి కదా! అందరికంటే ముందు అందుకున్నాను. "గీతాంజలి వినండి, సాగర సంగమం వినండి. ఆ తర్వాత ఆయనే చేసిన కొత్త పాటలు వినండి. తేడా మీకే తెలుస్తుంది" అన్నాను గొంతు పెంచి.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి మెల్లగా అడిగింది. "కొత్తవాటిలో మీరు ఏవి విన్నారు?"

ఒక్క పేరూ నోటికి రాలేదు. రాదు కూడా. నేను ఒక్క ఆల్బమూ పూర్తిగా వినలేదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా గట్టిగా మాట్లాడాను. లిస్టులో నా పేరు లేదు. వెళ్లిపోతుంటే ప్యానెల్‌లో ఉన్న పెద్దాయన ఒక మాట అన్నారు. "పాతది గొప్పదన్నావు బాబూ. దేన్నిబట్టి గొప్పదో మాత్రం చెప్పలేదు."

ఆ ఏడు మా వైపు వానల్లేవు. ఆదోని మార్కెట్‌కు తోలడానికి ఇంట్లో పత్తి పెద్దగా లేదు. కొడుక్కి ఉద్యోగమొస్తే అప్పు కొంత తీరుతుందని నాన్న లెక్కేసుకున్నాడు. అందుకే ఆ పెద్దాయన మాట నన్ను చాన్నాళ్లు వదల్లేదు.

అంగడి ముందు పంచాయితీ

సెలవులకు కౌతాళం వచ్చి, బస్టాండు దగ్గర మా అన్న వరసాయన అంగట్లో కూర్చున్నాను. ఇప్పుడది రీఛార్జి, సెల్ రిపేరు అంగడి. ఒకప్పుడు మాత్రం పాటల అంగడి. మెమరీ కార్డు తీసుకొచ్చి ఇస్తే కంప్యూటర్లోంచి పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. 2016లో జియో వచ్చాక ఆ బేరం పోయింది.

జరిగింది చెప్పాను. అన్న నవ్వలేదు. "వినకుండానే తీర్పు చెప్తివా? రాజా సారు కొత్త పాటలు నా దగ్గర ఎంతమంది ఎక్కించుకున్నారో నీకేం తెలుసప్పా" అన్నాడు.

అంతే, పంచాయితీ మొదలైంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మగ్గం నేసే మామ ఒకరు, ఆదోనిలో డిగ్రీ చదివే నా ఫ్రెండు, అన్న, నేను. ప్రశ్న ఒక్కటే. రాజా సారు మలికాలపు తెలుగు ఆల్బమ్‌లలో ఏది బెస్ట్?

ఇలాంటి గొడవ మనకొక్కరికే కాదు. యాభై ఏళ్లుగా పాడుతున్న ఏ రాక్ బ్యాండు ఫ్యాన్స్‌ను కదిపినా ఇదే. రోలింగ్ స్టోన్స్ 2023లో 'హ్యాక్నీ డైమండ్స్' తెచ్చింది. సొంత పాటలతో ఆ బ్యాండు చేసిన ఆల్బమ్ అంతకుముందు 2005లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చిన దాన్ని వాళ్ల పాత రికార్డులతో పోల్చాలా, ముసలితనంలో చేసిన వాటితోనే పోల్చాలా అని అభిమానులు రెండుగా చీలిపోతారు. మా అంగడి ముందు కూడా మొదటి ముడి అక్కడే పడింది.

ముందు మాటకు హద్దు గీయాలి

"మలికాలం అంటే ఎప్పటినుంచి?" అన్నాడు ఫ్రెండు. ఇళయరాజా మొదటి సినిమా 'అన్నక్కిళి' 1976లో వచ్చింది. 'రోజా'తో రెహమాన్ వచ్చిన 1992 నుంచి మలికాలమే అన్నాడు మామ. కాదు, 2000 తర్వాతే అన్నాను నేను. చివరికి అన్న తేల్చాడు. "2010 నుంచి పట్టుకుందాం. నేరుగా తెలుగులో తీసినవే. డబ్బింగులు వద్దు."

ఆ ఒక్క మాటతో సగం గొడవ చల్లారింది. 'గీతాంజలి' (1989), 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990) పేర్లు చెప్పి ఎవరూ నోరు మూయించే వీల్లేదు. అవి లిస్టులోనే లేవు. పోటీ ఇక 'శ్రీరామరాజ్యం' (2011), 'ఎటో వెళ్లిపోయింది మనసు' (2012), 'గుండెల్లో గోదారి' (2013), 'రుద్రమదేవి' (2015) లాంటి వాటి మధ్యే.

నా జీడీలో నేను చేయనిది సరిగ్గా ఇదే. 'పాత' అంటే ఎంత పాత? పాత వస్తువా, పాత పద్ధతా, పాత కళా? అది అడక్కుండానే కత్తి దూశాను.

తలా ఒక కొలత

మామ ఓటు 'శ్రీరామరాజ్యం'కే. బాపు దర్శకత్వం, ముళ్లపూడి వెంకటరమణ మాటలు, జొన్నవిత్తుల పాటలు. ఆ ఏడాది ఉత్తమ సంగీత దర్శకుడిగా ఇళయరాజాకు నంది అవార్డు తెచ్చింది కూడా అదే. మామ వాదన మాత్రం అవార్డు గురించి కాదు. "లవకుశ పాటలు చెవుల్లో ఉన్నోళ్లకు అదే కథ మీద కొత్త పాటలు వినిపించి ఒప్పించాల. 1963 నుంచి ఘంటసాల కూర్చున్న పీట అది. దాని పక్కన ఇంకో పీట వేయడం అల్కనా?" ఆయన కొలత, తలకెత్తుకున్న పని ఎంత కష్టమైనదని.

ఫ్రెండుది 'ఎటో వెళ్లిపోయింది మనసు'. గౌతమ్ మేనన్ సినిమా, అనంత శ్రీరామ్ పాటలు. అప్పటికి రాజా సారుకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆ వయసులో కాలేజీ పిల్లల ప్రేమకథకు గిటార్లతో, ఆర్కెస్ట్రాతో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు వినేలా పాటలు కట్టారు. వాడి కొలత, మనిషి ఎంత మారగలిగాడని.

అన్న 'రుద్రమదేవి' అన్నాడు. సిరివెన్నెల సాహిత్యం, కాకతీయుల కథ. "పాటలొక్కటే చూస్తే ఎట్లా? కోటలు, యుద్ధాలు వచ్చేటప్పుడు వెనకాల వచ్చే మ్యూజిక్కు ఎవరు లెక్కేస్తారు?" ఆయన కొలత నేపథ్య సంగీతం.

అన్న మాటలో బలముంది. జాతీయ సినిమా అవార్డుల్లో 2009 సినిమాల నుంచి పాటలకు ఒకటి, నేపథ్య సంగీతానికి మరొకటి ఇస్తున్నారు. ఆ ఏడాది పాటల అవార్డు 'దేవ్ డి'కి అమిత్ త్రివేది అందుకుంటే, నేపథ్య సంగీతం అవార్డు మలయాళ 'పళశిరాజా'కు ఇళయరాజా అందుకున్నారు. 2015 చిత్రాల్లో 'తారై తప్పట్టై'కి మళ్లీ ఆయనకే వచ్చింది. జ్యూరీ కూడా ఒక్క కొలతతో కొలవలేకనే కదా రెండు పెట్టుకుంది!

ముగ్గురూ ముగ్గురు గొప్పోళ్లలా మాట్లాడుతున్నారు. నేను మాత్రం నోరు మూసుకుని విన్నాను. నా దగ్గర కొలతా లేదు, సరుకూ లేదు.

పాత నోటు పుస్తకం

అప్పుడు అన్న సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. కార్డులు ఎక్కించే రోజుల్లో ఎవరు ఏ పాటలు అడిగారో రాసుకున్న పద్దు. తెలుగు పాటల పక్కనే కన్నడ 'గీతా' (1981) పాటలు కూడా ఉన్నాయి. తుంగభద్ర దాటితే కర్ణాటకే కదా, మా ఊళ్లో చెవులు రెండు భాషలవి.

కొత్తవాటిలో 'శ్రీరామరాజ్యం' పేరే ఎక్కువసార్లు కనిపించింది. మామ మీసం తిప్పాడు. ఫ్రెండు పుస్తకం లాక్కుని తేదీలు చూశాడు. "మామా, ఇవన్నీ శ్రీరామనవమి ముందువి. పందిట్లో వేయడానికి ఎక్కించుకున్నారు. పాట నచ్చి అడిగినోళ్లెంతమంది, పండగకని అడిగినోళ్లెంతమంది?"

మామ వెంటనే తిప్పికొట్టాడు. "మరి నీ సినిమా పాటలు ఇష్టపడే పిల్లోళ్లు కార్డు ఎక్కించుకోను ఈడికి ఎందుకొస్తార్రా? వాళ్ల ఫోన్లో నెట్ ఉండె."

ఇద్దరిదీ నిజమే. లెక్క ఉంది కానీ, ఆ లెక్క ఎవరిని పట్టుకుందో, ఎవరిని వదిలేసిందో కూడా చూడాలి. డేటా సైన్స్ కోర్సులో 'శాంపిల్ బయాస్' అని చెప్పేది ఇదే. నాకు మాత్రం అది మొదట అర్థమైంది కౌతాళం బస్టాండులో.

హాస్టల్లో మెటాలికా పిచ్చోడైన మా సీనియర్ చెప్పిన కథ అప్పుడే గుర్తొచ్చింది. 2008లో ఆ బ్యాండు 'డెత్ మ్యాగ్నెటిక్' ఆల్బమ్ వచ్చింది. పాటలు బాగున్నాయి, సౌండే చెవులు చిల్లులు పడేలా ఉంది అని ఫ్యాన్స్ గోల. అంతవరకైతే అది ఒట్టి ఇష్టాయిష్టాల మాటే. కానీ అవే పాటలు 'గిటార్ హీరో' వీడియో గేమ్‌లో ఇంత నొక్కేసినట్టు లేవని కొందరు పట్టుకున్నారు. రెండింటి వేవ్‌ఫామ్‌లు తీసి పక్కపక్కన పెట్టారు. సీడీలో మెల్లని చోటుకూ గట్టి చోటుకూ తేడా చెరిగిపోయి, గీత గోడ కట్టినట్టు కనిపించింది. మళ్లీ మిక్స్ చేయమని వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. సౌండ్ బాగాలేదనే మాటకు పక్కన పెట్టి చూపించే రుజువు దొరికింది. వాదన బరువు అక్కడే మారిపోయింది.

రెండో ఛాన్స్

ఆ సెలవుల్లో నేను చేసిన పని ఒక్కటే. ఆ ఆల్బమ్‌లు మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాను. ఆదోని బస్సులో, చేను గట్టు మీద, రాత్రి మిద్దె మీద. 'కొత్తవి బాగోవు' అన్న నా మాట నాకే తప్పనిపించింది. అన్నీ గొప్పవని కాదు. కొన్ని పాటలు రెండోసారి వినబుద్ధి కాలేదు. కానీ ఏది ఎందుకు నచ్చిందో, ఏది ఎందుకు నచ్చలేదో చెప్పగలిగాను.

కొన్ని నెలలకు ఇంకో కంపెనీ డ్రైవ్. మళ్లీ జీడీ. ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసుకెళ్లి చేయడం మంచిదా అని టాపిక్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. నాలో పాత మనిషి లేవబోయాడు. ఆపుకున్నాను. కాస్త సందు దొరికాక అడిగాను. "మంచిది అంటే ఎవరికి? కంపెనీకా, ఉద్యోగికా? ఖర్చు చూద్దామా, పని నాణ్యత చూద్దామా? ముందు అది అనుకుంటే బాగుంటుంది."

గది ఒక్కసారి నెమ్మదించింది. ఆ తర్వాత నేను మాట్లాడింది ఇంకో రెండుసార్లే. ఒకసారి, పక్కనున్న అబ్బాయి చెప్పిన పాయింటు నాకంటే బాగుందని ఒప్పుకుని దాన్ని పొడిగించాను. చివర్లో రెండు పక్షాలూ ఎక్కడ కలిశాయో చెప్పాను. ఈసారి లిస్టులో పేరుంది. జీతం పెద్దదేం కాదు. నాన్న మాత్రం ఆ నెల అప్పుల పుస్తకం తీసి ఒక గీత కొట్టాడు.

మీరూ చేయొచ్చు

జీడీ ప్రాక్టీసుకు పెద్ద టాపిక్‌లే అక్కర్లేదు. మీ రూములో రోజూ జరిగే గొడవే చాలు. కీరవాణి ఆల్బమ్‌లలో ఏది బెస్ట్, ధోనీ కెప్టెన్సీలో ఏ ఏడాది గొప్ప... ఏదైనా సరే. నలుగురు కూర్చోండి, పదిహేను నిమిషాలు పెట్టుకోండి. ఇవి పాటించండి.

• మొదటి రెండు నిమిషాలు హద్దుకే. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏవి లెక్కలోకి వస్తాయి, ఏవి రావు.

• ప్రతి ఒక్కరూ తమ కొలత ఒక్క వాక్యంలో చెప్పాలి. 'నాకు నచ్చింది' కొలత కాదు. నచ్చడం వేరు, గొప్పది కావడం వేరు.

• వినని పాట మీద, చూడని మ్యాచ్ మీద తీర్పు చెప్పొద్దు. తెలియకపోతే 'నేను వినలేదు' అనండి. దాంతో మార్కులు పోవు, దాచబోయి దొరికిపోతే పోతాయి.

• ఎవరైనా లెక్క చూపిస్తే, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడగండి. మీ లెక్కనూ అలాగే అడగనివ్వండి.

• ముగిసేలోపు ఒక్కసారైనా ఎదుటివారి మాట సరైనదని ఒప్పుకోండి. ఊరికే కాదు, నిజంగా సరైనదైతేనే.

ఇంటర్వ్యూలోనూ ఇదే పనికొస్తుంది. 'ఈ ప్రాజెక్టుకు ఆ డేటాబేసే ఎందుకు వాడావు?' అంటే 'అదే బెస్ట్ సార్' అనే జవాబుకు విలువ లేదు. వేగమా, ఖర్చా, టీమ్‌లో అందరికీ వచ్చినదనా? దేన్నిబట్టి ఎంచుకున్నారో చెప్పండి చాలు.

ఇంతకీ ఏది బెస్ట్?

అంగడి ముందు పంచాయితీ ఇంకా తెగలేదు. 2023 ఉగాదికి కృష్ణవంశీ 'రంగమార్తాండ' వచ్చాక లిస్టులో ఇంకో పేరు చేరింది. 2025 మార్చిలో 81 ఏళ్ల వయసులో ఇళయరాజా లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన 'వాలియంట్' సింఫనీ వినిపించాక, ఇంకా 'మలికాలం' అనొచ్చా అని మామకు కొత్త అనుమానం మొదలైంది.

నా ఓటు అడిగితే, ఒక మనిషి తన పాత దారి వదిలి ఎంత దూరం నడిచాడన్నదే నా కొలత. దాన్నిబట్టి 'ఎటో వెళ్లిపోయింది మనసు'. కష్టమైన పనిని కొలతగా పెడితే మామదే గెలుపు, అదీ ఒప్పుకుంటాను.

మొన్న ఉరుకుంద ఈరన్న జాతరకు ఊరెళ్లినప్పుడు అన్న అంగట్లో ఒక బీటెక్ పిల్లోడు కూర్చుని ఉన్నాడు. ఫోన్లో ఏదో పాట పెట్టి "రాజా సారు చేసిన కొత్తవాటిలో ఇదే టాప్ అన్నా" అంటున్నాడు.

అన్న నా వైపు చూసి నవ్వి, వాడిని అడిగాడు. "సరేప్పా. దేన్నిబట్టి?"