పిడికిట్లో బొగ్గు, గుప్పిట్లో వజ్రం: సూపర్‌మ్యాన్ మళ్లీ మళ్లీ పుట్టిన వింతలు

సినిమా చరిత్రలో ఇంతకంటే చవక బేరం లేదు! 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను సర్వహక్కులతో అమ్మేసుకున్నది కేవలం 130 డాలర్లకు. 13 పేజీల బొమ్మల కథ, పేజీకి 10 డాలర్లు. కథ అచ్చయిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక వెల 10 సెంట్లు. 2024 ఏప్రిల్‌లో ఆ సంచిక ప్రతి ఒకటి వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. పెట్టిన వెలకు ఆరు కోట్ల రెట్లు!

ఆ తొలి వీరుడికి ఎగరడం రాదంటే నమ్ముతారా? 1938 సూపర్‌మ్యాన్ గెంతేవాడు, అంతే. ఒక్క గెంతుకు మైలులో ఎనిమిదో వంతు, అంటే 200 మీటర్లు. 20 అంతస్తుల మేడ దాటేవాడు; మూడు తాటిచెట్లు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడితే అంత ఎత్తు. ఎక్స్‌ప్రెస్ రైలు కంటే జోరుగా ఉరికేవాడు. పేలే ఫిరంగిగుండు మాత్రం ఒంట్లో దిగేది. ఎగిరే విద్య తర్వాత వచ్చి చేరింది. మొత్తం 87 ఏళ్లలో గ్రహాలనే మోసేంత బలం పోగైంది. దాంతోపాటే కష్టమూ పోగైంది: ఓడిపోనివాడి కథ ఎవడు చూస్తాడు?

ఆ చిక్కు విప్పే మంత్రమే రీబూట్. పాత లెక్కంతా చెరిపేసి, వేరే నటుడితో, మొదటి పేజీ నుంచి కథ మళ్లీ ఎత్తుకోవడం.

సినిమా హీరోగా అందరికంటే ముదురు వయసులో ఈ వేషం కట్టింది తెలుగువాడు! 1980లో వి. మధుసూదనరావు తీసిన ‘సూపర్‌మ్యాన్’ వచ్చేనాటికి ఎన్.టి. రామారావుకు 57 ఏళ్లు. 1978లో క్రిస్టఫర్ రీవ్‌కు 26. 2006లో బ్రాండన్ రౌత్‌కూ 26. 2013లో హెన్రీ కావిల్‌కు 30. 2025లో డేవిడ్ కోరెన్‌స్వెట్‌కు 32 నిండి మూడు రోజులు. రీవ్, కావిల్ వయసులు కలిపినా మన హీరోకు ఒక ఏడాది తక్కువే. వేగంలోనూ మనదే పైచేయి. హాలీవుడ్ సినిమా 1978 డిసెంబరులో వస్తే, 19 నెలలకల్లా తెలుగు సూపర్‌మ్యాన్ తెరమీద ఉన్నాడు. అసలు కథలో హీరో పుట్టిన క్రిప్టాన్ గ్రహం ఊసే లేదు, బలమంతా ఆంజనేయస్వామి వరం. మూలాన్నే మార్చేయడం కంటే పెద్ద రీబూట్ ఏముంటుంది? కేప్ విప్పాక ఆయన చేసిన పని ఇంకా జోరు: 1982 మార్చిలో పార్టీ, 1983 జనవరిలో ముఖ్యమంత్రి కుర్చీ. ఆ వేగం అమెరికా సూపర్‌మ్యాన్‌లలో ఎవరికీ చేతకాలేదు.

నిమిషానికి అత్యధిక జీతం మార్లన్ బ్రాండోది. 1978 సినిమాలో తండ్రి వేషానికి 37 లక్షల డాలర్లు, పైన వసూళ్లలో వాటా. తెరమీద కనిపించింది 20 నిమిషాలు దాటదు. సినిమా ఖర్చు 5.5 కోట్ల డాలర్లు, అప్పటికి అదే రికార్డు.

అతి పెద్ద పతనం 1987 నాటి నాలుగో భాగం. 3.6 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చును 1.7 కోట్లకు కోసేశారు. దారాలు కనపడేంత నాసిరకం! ఆ దెబ్బకు 19 ఏళ్లు పెద్ద తెరమీద సూపర్‌మ్యాన్ లేడు, 1978 తర్వాత ఇదే అతి పొడుగు విరామం. 2006లో తిరిగొచ్చినవాడు అతి పొడుగు సినిమాతో వచ్చాడు: 154 నిమిషాలు. అంతసేపట్లో ఎవరినీ ఒక్క గుద్దు గుద్దలేదని ఇప్పటికీ ఎగతాళి.

ఇక బొగ్గు సంగతి. ప్రపంచంలో అత్యంత వేగంగా తయారైన వజ్రం ‘సూపర్‌మ్యాన్ 3’లోది. 1983 నాటి ఈ సినిమా చివర్లో రీవ్ ఒక బొగ్గు పెళ్ల తీసుకుని పిడికిట్లో పిండుతాడు, కొన్ని క్షణాల్లో వజ్రం! ఈ సీన్‌కు సింగరేణి బొగ్గు కార్మికులుండే సెంటినరీ కాలనీలో పడే మార్కులు ఇంకెక్కడా పడవు. సింగరేణి తవ్వకం 1889లో మొదలై నూరేళ్లయిన గుర్తు ఆ కాలనీ పేరులోనే ఉంది. సూపర్‌మ్యాన్ కంటే సింగరేణి 49 ఏళ్లు పెద్దది. అక్కడి బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్ల పైమాటే. వజ్రాల వయసు? చాలావరకు 100 కోట్ల నుంచి 350 కోట్ల ఏళ్లు. నేలమీద చెట్టూ చేమా మొలవకముందే వజ్రాలు పుట్టాయి, కాబట్టి బొగ్గు వజ్రానికి తల్లి కాదు, మనవరాలి వయసుది. వజ్రం పుట్టాలంటే 150 కిలోమీటర్ల లోతు, వెయ్యి డిగ్రీలు దాటిన వేడి, గాలి ఒత్తిడికి 50 వేల రెట్ల నొక్కుడు కావాలి. పైగా మన గోదావరి లోయ బొగ్గులో బూడిద ఎక్కువ. దాన్ని పిండితే సూపర్‌మ్యాన్ చేతికి వజ్రం కంటే ముందు బూడిదే అంటుతుంది.

ఖర్చులో సమ ఉజ్జీలు 2013, 2025 సినిమాలు. రెండింటి బడ్జెట్టూ 22.5 కోట్ల డాలర్లే. వసూళ్లలో జాక్ స్నైడర్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ 66 కోట్లు దాటింది. జేమ్స్ గన్ ‘సూపర్‌మ్యాన్’ 61 కోట్ల పైన ఆగింది. పన్నెండేళ్ల ధరల పెరుగుదల కలిపి చూస్తే తేడా ఇంకా పెద్దది. నిడివిలో మాత్రం వింత: 2013 సినిమా 143 నిమిషాలు, 1978 సినిమా కూడా 143! గన్ దాన్ని 129కి దించాడు. ఎర్ర లాగు 2013లో పోయింది, 2025లో తిరిగొచ్చింది. ప్రపంచంలో ఇంత వాదన పుట్టించిన లాగు ఇంకోటి లేదు.

కూల్చివేతలో ఛాంపియన్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’. పతాక సన్నివేశంలో మేడల మీద మేడలు కూలతాయి, చివరికి హీరో విలన్ మెడ విరిచేస్తాడు. సూపర్‌మ్యాన్ చంపొచ్చా అన్న తగువు ఆనాటి నుంచి ఈనాటిదాకా ఆగలేదు. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో మా బావ, ఓసీలో (ఓపెన్‌కాస్ట్ గనిలో) డంపర్ ఆపరేటర్, ఇంటర్ చదివే కొడుకుతో దీనిమీదే కొట్లాడతాడు. కొడుకు 2013 పార్టీ: “తన్నులు తినేటోడు సూపర్‌మ్యాన్ ఎట్లయితడు బాపు?” తండ్రి 2025 పార్టీ: “ఊరంత కూలగొట్టినోడు దేవుడెట్లయితడురా? మా ఓసీల ఒక్క బ్లాస్టింగ్ వెట్టాల్నంటే ముందుగాల సైరన్ కొడ్తరు, రోడ్డు బంద్ వెడ్తరు. వానికి సైరన్ ఉన్నదా?” నా ఓటు బావకే. అయితే ఒక్క విషయంలో కొడుకు గెలిచాడు: ఎగరడంలో ఉన్న బరువు, ఊపు, నేల పగిలే శబ్దం 2013లో ఉన్నంత గట్టిగా 2025లో లేవు.

అతి వేగపు ఓటమి 2025 హీరోది. గన్ సినిమా మూడుల లెక్కతో మొదలవుతుంది: మూడు శతాబ్దాల కింద అతిమానవులు పుట్టారు, మూడు దశాబ్దాల కింద పిల్లవాడు భూమికి చేరాడు, అలా దిగుతూ దిగుతూ చివరికి మూడు నిమిషాల కింద అతను తొలిసారి ఓడిపోయాడు. పుట్టుక, పెంపకం, పొలం, గ్రహం బద్దలవడం అన్నీ కొన్ని వాక్యాల్లో ముగించేశాడు. ఇంత పొదుపైన ఆరంభం సూపర్‌మ్యాన్ సినిమాల్లో లేదు. మంచు మీద ఎముకలు విరిగి పడి ఉన్న హీరోను కుక్క ఈడ్చుకుపోతుంటే హాల్లో నవ్వులు. దీనితోనే తేలింది నా లెక్క: హీరోను ఎంత దించితే రీబూట్ అంత లేస్తుంది.

అతి చిన్న ప్రాణం, అతి పెద్ద చర్చ: ఉడత. ఊరిని కొండంత జంతువు తొక్కేస్తుంటే సూపర్‌మ్యాన్ మధ్యలో ఆగి ఒక ఉడతను పక్కకు చేరుస్తాడు. కొందరికి చిరాకు. రామసేతువు దగ్గర ఉడత సాయం కథ విని పెరిగినవాళ్లం, మనకేం చిరాకు? అక్కడ ఉడత దేవుడికి చేసింది, ఇక్కడ దేవుడిలాంటివాడు ఉడతకు చేశాడు.

సినిమా మొత్తంలో బలమైన సీన్‌లో ఒక్క గుద్దు లేదు. ఇంట్లో కూర్చుని ప్రియురాలు లోయిస్, క్లార్క్ పేరుతో మామూలు మనిషిలా తిరిగే మన హీరోను విలేకరిగా నిలదీస్తుంది: ఒక దేశపు యుద్ధాన్ని నువ్వు ఎవరినడిగి ఆపావు? మేడలు ఎత్తేవాడు జవాబు లేక నీళ్లు నములుతాడు.

గుంపు విషయంలో మాత్రం ఇదే రికార్డు, ఇదే బలహీనత. గ్రీన్ ల్యాంటర్న్, హాక్‌గర్ల్, మిస్టర్ టెరిఫిక్, మెటామార్ఫో, ఇంజనీర్, అల్ట్రామ్యాన్, కుక్క క్రిప్టో, పైన ఒక జేబు విశ్వం! 129 నిమిషాల్లో ఇంతమందిని కుక్కితే హీరోకు మిగిలేది ఎంత? మిస్టర్ టెరిఫిక్ ఒక ఫైటులో సినిమానే ఎత్తుకుపోతాడు. ఇక కన్నవాళ్ల సందేశం మలుపు: లోకాన్ని కాపాడమన్నారనుకుంటే ఏలమన్నారని తేలుతుంది. ధైర్యమే, కానీ ఆ దెబ్బ నుంచి హీరో తేరుకునే తీరు మరీ తొందరగా సాగిపోయింది.

అతి చిన్న కోత, అతి పెద్ద గోల: మన సెన్సార్ ఈ సినిమాలోంచి తీసేసిన ముద్దు 33 సెకన్లు. భవనాలు కూలడం మీద ఒక్క సెకను కత్తెర పడలేదని జనం చేసిన గోల రోజుల తరబడి సాగింది.

క్రమం తప్పని రీబూట్ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ది: 2005, 2015, 2025, పదేళ్లకోసారి పంచాంగంలా. దీనికి ముందు 1994లో సుమారు పది లక్షల డాలర్లతో తీసిన మొదటి సినిమా అసలు విడుదలే కాలేదు. స్పైడర్‌మ్యాన్ ఇంకా తొందరపాటు: 2007 తర్వాత 2012లో కొత్త ముఖం, మళ్లీ 2017లో ఇంకో ముఖం. అత్యంత గౌరవం దక్కించుకున్న రీబూట్ 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’. దాని తర్వాతి భాగం ‘ది డార్క్ నైట్’ 100 కోట్ల డాలర్లు దాటింది.

మన దుమ్ములో తీసిన, తిరగరాసిన కథ ‘సలార్’. ప్రశాంత్ నీల్ తన 2014 నాటి కన్నడ సినిమా ‘ఉగ్రం’ కథనే పెంచి, ప్రభాస్‌తో 2023 డిసెంబరులో తెచ్చాడు. 2021 మొదట్లో గోదావరిఖని బొగ్గు గనుల దగ్గర షూటింగ్ జరిగింది. సెట్టు వేయాల్సిన పని తక్కువ, నలుపు అక్కడ ఉచితం.

44 ఏళ్లకు తిరిగొచ్చిన ఆలోచన ‘హనుమాన్’. 1980లో ఎన్టీఆర్‌కు ఆంజనేయుడు ఇచ్చిన బలమే 2024 జనవరి 12న తేజ సజ్జాకు దక్కింది. ప్రశాంత్ వర్మ చేసిన తెలివైన పని హీరోకు గడువు పెట్టడం: మణి పగటి వెలుతురులోనే పనిచేస్తుంది, పొద్దు గుంకితే బలం సున్నా. విలన్ మరీ విచిత్రం: సూపర్ హీరోలంతా అనాథలే కదా అని చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకుంటాడు! ఈ జాతి సినిమాల మీద ఇంత నల్లటి వెక్కిరింత హాలీవుడ్‌లోనూ అరుదు. టికెట్టుకు 5 రూపాయలు అయోధ్య ఆలయానికి ఇచ్చిన సినిమా కూడా ఇదే. లోపం? రెండో సగంలో ఊరివాళ్ల కథ వెనక్కి పోయి గ్రాఫిక్స్ ముందుకొస్తాయి.

సూపర్‌మ్యాన్‌కూ బలం సూర్యుడి నుంచే. మరి ఇద్దరినీ నైట్ షిఫ్టులో బొగ్గుబాయిలోకి దింపితే? కాలనీ పక్కనున్న అడ్రియాల లాంగ్‌వాల్ గని 300 మీటర్లు దాటిన లోతు, సూర్యుడి పొడ కూడా తగలదు. అక్కడ రూఫ్ మోసేవి హైడ్రాలిక్ షీల్డులు. ఒక్కో షీల్డు వెయ్యి టన్నులకు మించిన బరువు ఆపగలదు. 100 టన్నుల డంపర్లు పది మోసే బొగ్గంతా నెత్తిన పెట్టినట్టు. బొగ్గు కోసేకొద్దీ అవే ముందుకు జరుగుతాయి. కేప్ లేదు, కండలు లేవు, రీబూట్ అక్కర్లేదు. బలం పందెంలో కాలనీ ఓటు దేనికి పడుతుందో వేరే చెప్పాలా!

తర్వాతి విడత తేదీ కూడా ఖరారైంది: ‘మ్యాన్ ఆఫ్ టుమారో’, 2027 జూలై 9. 2025 సినిమా విడుదలైన నాటి నుంచి లెక్కేస్తే రెండేళ్లకు రెండు రోజులు తక్కువ. అందులో సూపర్‌మ్యాన్, శత్రువు లూథర్‌తో చేతులు కలపాల్సి వస్తుందని గన్ ప్రకటించాడు. కొడుకు సంబరపడ్డాడు. మా బావకు మాత్రం ఆ పొత్తు ఇప్పటినుంచే మింగుడు పడటం లేదు.