ప్రోగ్రామ్‌కూ మొలక పరీక్ష

శనక్కాయలు విత్తే ముందు మన పెద్దవాళ్లు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి పెడతారు. ఎన్ని మొలిచాయో చూశాకే చేన్లో విత్తుతారు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకూ అలాంటి పరీక్ష ఉంది. దాన్నే టెస్ట్ అంటారు.

రూబీ ఒక ప్రోగ్రామింగ్ భాష. జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోటో దాన్ని 1995లో విడుదల చేశారు. ఇతరులు కూడా వాడుకునేలా అందులో రాసి ఇచ్చే లైబ్రరీలను జెమ్‌లు అంటారు. ఓపెన్ సోర్స్ జెమ్ అయితే ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు.

టెస్ట్ ఎందుకంటారా? మన ఒంటిమిట్ట పేరే తీసుకుందాం. ఒం, టి, మి, ట్ట - నాలుగు అక్షరాలని ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. రూబీని 'లెంగ్త్' అడిగితే 9 అంటుంది. యూనికోడ్‌లో సున్న, గుడి, పొల్లు వేరువేరు సంకేతాలు. అది వాటిని విడివిడిగా లెక్కపెడుతుంది. పేరుకు 8 గళ్లు చాలని ఎవరైనా ప్రోగ్రామ్ రాస్తే 'ఒంటిమిట్' మాత్రమే మిగులుతుంది. ఒక జాబితాలో నా పేరు కూడా చివరి అక్షరం లేకుండా వచ్చింది. సరిచేయించుకోవడానికి మూడుసార్లు బస్సెక్కాను.

ఇక పద్ధతి చూద్దాం.

1. 'గిట్ క్లోన్'తో కోడ్ తెచ్చుకుని ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాలి.

2. 'బండిల్ ఇన్‌స్టాల్' కొట్టాలి. జెమ్‌ఫైల్‌లో రాసిన జెమ్‌లన్నీ దిగుతాయి.

3. 'బండిల్ ఎగ్జెక్ రేక్ టెస్ట్' కొట్టాలి. టెస్ట్‌లు 'స్పెక్' ఫోల్డర్‌లో ఉంటే సాధారణంగా 'బండిల్ ఎగ్జెక్ ఆర్‌స్పెక్'. ఏది వాడాలో రీడ్‌మీలో చూడండి.

మినీటెస్ట్‌లో చుక్క పడితే పాసు, 'ఎఫ్' పడితే ఫెయిలు, 'ఇ' పడితే ఆ టెస్ట్ లోపం వచ్చి మధ్యలో ఆగిపోయిందని అర్థం. కోడ్‌లో ఏమీ మార్చకముందే ఒకసారి నడపండి. అప్పుడే పాత తప్పేదో, మనం చేసిన తప్పేదో తెలుస్తుంది.

తర్వాత కొత్త టెస్ట్ రాయండి: ఒంటిమిట్టకు జవాబు 4 రావాలి. మొదట అది ఫెయిల్ కావాలి. '4 రావాలి, 9 వచ్చింది' అని చూపిస్తుంది. ఫెయిలవడం చూడని టెస్ట్‌ను నమ్మకూడదు. తర్వాత కోడ్ సరిచేసి, చుక్క పడ్డాక, టెస్ట్‌లన్నీ మళ్లీ నడపండి. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట చెడిపోవచ్చు. టెస్ట్‌లు ప్రతిసారీ వేరే వరుసలో నడుస్తాయి. మొదట్లో చూపే 'సీడ్' అంకె ఇస్తే అదే వరుస మళ్లీ వస్తుంది.

మార్పుతోపాటు టెస్ట్‌నూ పంపండి. రేపు ఎవరు ఆ కోడ్ మార్చినా, మన పేర్లు తెగిపోతే అది అక్కడే పట్టిస్తుంది. బస్సెక్కే పని ఇంకొకరికి తప్పుతుంది.